మరణించినవారి కారు – మన మనస్సాక్షి



ఈ సంచికలో మేము తీసికొనిన ప్రశ్న చూచుటకు చిన్నది. ఇంటి పెద్ద చనిపోయినాడు. ఆయన పేరు మీద ఒక కారు ఉన్నది. దానిని నడుపువారు ఇంటిలో లేరు గనుక అమ్మవలెను. ఎట్లు అమ్మవలెను? ఇందులో ఆలోచించుటకు ఏమున్నది, బ్రోకరును పిలిస్తే సరిపోదా అని కొందరు అనుకొనవచ్చును. అయితే సంఘ పెద్దలమైన మా యొద్దకు వచ్చిన కుటుంబ తగవులలో ఇల్లు, స్థలముల తరువాత ఎక్కువగా వినిపించినది ఈ కారు సంగతియే. ఇంటి విషయములో మనుష్యులు జాగ్రత్తపడుదురు, వకీలును అడుగుదురు. కారు విషయములో జాగ్రత్తపడరు. అది చిన్న సంగతి అనుకొందురు. చిన్న సంగతి అనుకొన్నచోటనే మనస్సాక్షి నిద్రపోవును.

మన తాతల కాలములో ఈ ప్రశ్న లేదు. నెల్లూరు, కావలి, ఒంగోలు, కందుకూరు ప్రాంతములలో మన పూర్వికులు చనిపోయినప్పుడు మిగిలినది ఒక రేకు పెట్టె, ఒక గొడుగు, బైబిలు, పాటల పుస్తకము. కలిగినవారైతే ఒక ఎడ్లబండి. సమాధి కార్యక్రమము ముగిసిన కొద్ది దినములకే బంధువులు అరుగు మీద కూర్చుండి, ఎవరికి ఏది అన్నది నోటి మాటతో తేల్చివేసేవారు. ఎద్దు మెడలో ఎవరి పేరూ వ్రాసియుండదు. దానికి మేత వేయువాడే దాని యజమానుడు. కారు అట్లు కాదు. కారు మన వాకిట నిలిచియుండును గాని దాని యాజమాన్యము రవాణా శాఖవారి రిజిస్టరులో ఉండును. మనిషి హోసూరు రోడ్డు సమాధుల తోటలో నిద్రించుచున్నను ఆ రిజిస్టరులో మాత్రము ఆయనే ఇంకను యజమానుడు.

బెంగుళూరులో మనవారు చాలామంది హెచ్‌.ఏ.ఎల్‌., ఐ.టి.ఐ., హెచ్‌.ఎమ్‌.టి., బి.ఇ.ఎల్‌. వంటి కర్మాగారములలో పనికై వచ్చి స్థిరపడినవారు. మొదట సైకిలు, తరువాత స్కూటరు. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చిన తరువాత గదా మనవంటి వారికి కారు అన్న ఆశ కలిగినది! ఆ బండి తయారీ 2014లో నిలిచిపోయినది గాని, దానిని కొన్న తరమువారు ఇప్పుడు ఒక్కొక్కరుగా ప్రభువు సన్నిధికి వెళ్లుచున్నారు. ఆ తరువాత కొన్న బండ్లు వారి షెడ్డులలో ఉన్నవి. అంటే మన సంఘములలో కారును వెనుక విడిచి చనిపోవుచున్న మొదటి తరము ఇదియే. ఈ విషయములో మనకు పెద్దలు నేర్పిన వాడుక ఏదియు లేదు. మనమే ఆలోచించుకొనవలసియున్నది.

ఒక కుటుంబము సంగతి చెప్పుదుము. పేర్లు అక్కరలేదు. తండ్రి కర్మాగారములో పనిచేసి రిటైరైనాడు, గుండెపోటుతో పోయినాడు. భార్య ఉన్నది. పెద్దకుమారుడు గల్ఫులో, చిన్నకుమారుడు ఇక్కడనే, కుమార్తె చీరాలలో. చనిపోయిన ఆయన తల్లి కూడ ఊరిలో సజీవురాలై ఉన్నది. ఆదరణ కూటము అయిన వారమునకే ఒక బ్రోకరు వచ్చినాడు. "అమ్మా, అయ్యగారి సంతకము బ్యాంకు పుస్తకము మీద ఉంటుంది గదా, చూసి అలాగే చిన్నబాబుగారిని 29, 30 ఫారాల మీద పెట్టమనండి. తేదీ ఆయన పోకముందుది వేసుకుందాము. రెండు రోజుల్లో డబ్బు మీ చేతిలో ఉంటుంది. అందరూ చేసేది ఇదేనమ్మా" అన్నాడు.

చిన్నకుమారుడు మంచి బిడ్డ. సంతకము పెట్టక ముందు మా యొద్దకు వచ్చినాడు. "అంకుల్‌, ఇందులో తప్పేముంది? అమ్మ ఒప్పుకుంది. అన్నయ్య ఫోనులో సరే అన్నాడు. నాన్న ఉంటే ఆయనే పెట్టేవాడు గదా. ఎవరికి నష్టం?" అని అడిగినాడు.

ఈ ప్రశ్నను కసరి పంపివేయుట సులభము. అబద్ధము పాపము, పో అని చెప్పవచ్చును. అట్లు చెప్పుట న్యాయము కాదని మాకు తోచినది. అతడు దొంగిలించుటకు రాలేదు. తన తల్లి నెలల తరబడి కార్యాలయముల చుట్టు తిరుగకూడదని కోరినాడు. గనుక అతని నాలుగు మాటలను ఒక్కొక్కటిగా తీసికొని ఆలోచించితిమి.

నాన్న ఉంటే ఆయనే పెట్టేవాడు అన్నది మొదటి మాట. వినుటకు బలముగా ఉన్నది. అయితే నిదానించి చూడుడి. నాన్న బ్రదికి ఉంటే కారు అమ్మవలసిన అవసరమే లేదు! ఆదివారము ఉదయము భార్యను ఎక్కించుకొని ఆరాధనకు వచ్చియుండేవాడు. ఆయన లేడు గనుకనే అమ్మకము వచ్చినది. ఆయన లేని పరిస్థితిలో ఆయన ఇచ్చియుండెడి సమ్మతి అనునది మనము కల్పించుకొన్న సమ్మతియే గాని ఆయనది కాదు. తాను పోయిన తరువాత ఏమి జరుగవలెనో చెప్పదలచినవానికి వీలునామా అను మార్గము ఉన్నది. కోర్టు ప్రొబేటు తప్పనిసరి అన్న నిబంధన నుండి కూడ భారత క్రైస్తవులను 2002లో చట్టము సవరించి విడుదల చేసినారు. అయినను మనవారు వీలునామా వ్రాయరు. వ్రాస్తే చావు దగ్గరపడునని భయము. పునరుత్థానమును నమ్మువారికి ఈ భయము ఎక్కడనుండి వచ్చినదో మాకు తెలియదు.

రెండవది, సంతకము అంటే ఏమిటి? మేము బడిలో పనిచేసిన దినములలో ప్రోగ్రెసు కార్డు మీద తండ్రి సంతకము తామే పెట్టుకొని వచ్చు పిల్లలు ఉండేవారు. అడిగితే, "మా నాన్న ఎలాగూ పెట్టేవాడే సార్‌" అనేవారు. నిజమే, చాలామంది తండ్రులు మార్కులు చూడకయే పెట్టుదురు. అయినను మేము ఒప్పుకొనలేదు. ఎందుకనగా ఆ గీతలు మాకు అక్కరలేదు. తండ్రి చూచెను అన్న సాక్ష్యము మాకు కావలెను. 29వ ఫారము కూడ అంతే. బ్రదికియున్న యజమానుడు తెలిసి, ఇష్టపడి, ఫలానా దినమున ఫలానా వానికి బండి ఇచ్చెను అని ప్రభుత్వమునకు చెప్పు సాక్ష్యము అది. కుమారుడు ఆ గీతలు గీసినప్పుడు తండ్రి నోట ఒక అబద్ధ సాక్ష్యము పెట్టుచున్నాడు. తిరిగి కాదనుటకు నోరులేనివాని చేత సాక్ష్యము చెప్పించుట అన్నమాట. యెజెబెలు అహాబు పేరట తాకీదులు వ్రాయించి అతని ముద్ర వేయించిన సంగతి మీరు ఎరుగుదురు. నాబోతు ద్రాక్షతోట కథలో రక్తపాతము ముందు రాలేదు, ముద్రయే ముందు వచ్చినది. ఈ కుమారుని యెజెబెలుతో పోల్చుట మా ఉద్దేశము కాదు. మరియొకరి పేరును వారి చేతిలోనుండి తీసికొని వాడుట ఎంత సులభమో చూపుటకు చెప్పితిమి.

చనిపోయినవానికి ఇక నష్టమేమి అన్నది లోకమంతట అడిగిన ప్రశ్నయే. గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిలు కూడ తన నీతిశాస్త్రములో దీనిని ఎత్తుకొని, చనిపోయినవారికి బిడ్డల మంచిచెడ్డలు ఏమైనను తాకునా అని విచారించి, తాకినను కొద్దిగానే అన్నట్టు తేల్చినాడు. మన నమ్మిక ప్రకారము మన సహోదరుడు ప్రభువు యొద్ద ఉన్నాడు, ఆయనకు కారుతో పనిలేదు. అయితే ఆయన పేరు భూమి మీద మిగిలియున్నది. అది ఇప్పుడు మన చేతిలో ఉన్నది. రూతు గ్రంథము నాలుగవ అధ్యాయము చదువుడి. చనిపోయినవాని స్వాస్థ్యమును విడిపించుటకు బోయజు ఏమి చేసినాడు? చీకటిలో కాదు, గవిని యొద్ద పదిమంది పెద్దలను కూర్చుండబెట్టి, తనకంటె దగ్గర బంధువుడైన వానిని పిలిచి, అతడు కాదనిన తరువాత అందరి యెదుట పని జరిగించినాడు. చనిపోయినవాని పేరు నిలుపుటయే అక్కడ ముఖ్యము. బ్రోకరు చెప్పిన పద్ధతిలో గవిని లేదు, పెద్దలు లేరు, దగ్గర బంధువుని అడుగుట లేదు.

దగ్గర బంధువు అన్నప్పుడు మేము ఆ బిడ్డను అడిగితిమి: "అమ్మ ఒప్పుకుంది, అన్న ఒప్పుకున్నాడు అన్నావు. చెల్లిని అడిగావా నాయనా?" అతడు తల వంచుకొనినాడు. "చెల్లికి పెళ్లప్పుడే ఇచ్చేశాం గదా అంకుల్‌" అన్నాడు.

ఇక్కడ కొంచెము ఆగవలెను. ఎందుకనగా ఎవరికి నష్టము అన్న ప్రశ్నకు జవాబు ఇక్కడ ఉన్నది.

మన భారత క్రైస్తవులకు వీలునామా లేనప్పుడు వర్తించునది 1925 నాటి భారత వారసత్వ చట్టము. భర్త చనిపోయి భార్యయు బిడ్డలును ఉన్నయెడల భార్యకు మూడవ వంతు, మిగిలిన రెండు వంతులు బిడ్డలకు సమానముగా. కుమారుడని ఎక్కువ లేదు, కుమార్తె అని తక్కువ లేదు. పెండ్లిలో పెట్టినదానిని ఇందులో తగ్గించుట లేదు. తిరువాన్కూరు క్రైస్తవ స్త్రీలకు ఈ సమానత్వము లేకుండెను. మేరీ రాయ్‌ గారు సుప్రీంకోర్టు వరకు పోరాడగా 1986లో అక్కడను ఈ చట్టమే వర్తించునని తీర్పు వచ్చినది. మనకు ఆ పోరాటము అక్కరలేకయే హక్కు ఉన్నది. అయినను మనలో ఎందరు కుమార్తెను పిలిచి అడుగుదురు? సెలోపెహాదు కుమార్తెలు మోషే యెదుట నిలిచి అడిగినప్పుడు, వారు అడిగినది న్యాయమేనని దేవుడే చెప్పినట్టు సంఖ్యాకాండములో ఉన్నది. మన కుమార్తెలు అడుగరు. పుట్టింటి మాట పోవునని ఊరకుందురు. వారు ఊరకుండుటను మనము సమ్మతి అనుకొందుము.

లెక్క వేసి చూడుడి. కారు 1,80,000 రూపాయలకు అమ్ముడుపోయినది అనుకొందము. తల్లికి 60,000. ముగ్గురు బిడ్డలకు తలా 40,000. చీరాలలో ఉన్న చెల్లెలు ఆ సొమ్మును తల్లికే విడిచిపెట్టవచ్చును. విడిచిపెట్టుట ఆమె చేయవలసిన పని. ఆమెను అడుగక మనమే ఆమె పక్షముగా విడిచిపెట్టుట దాతృత్వము కాదు.

ఇక ఊరిలో ఉన్న ముసలి తల్లి. ఈ సంగతి చాలామందికి తెలియదు. హిందూ వారసత్వ చట్టము, 1956 ప్రకారము చనిపోయిన కుమారుని ఆస్తిలో తల్లికి కూడ భార్యాబిడ్డలతో సమానముగా భాగము ఉన్నది. మనకు వర్తించు చట్టములో బిడ్డలు ఉన్నయెడల తల్లికి ఏమియు లేదు. బిడ్డలు లేకున్నప్పుడు, తండ్రి కూడ గతించియున్నప్పుడు మాత్రమే ఆమె తోబుట్టువులతో కలిసి లెక్కలోనికి వచ్చును. అనగా ప్రతి నెల కుమారుడు పంపు మనియార్డరుతోనో, బ్యాంకు సొమ్ముతోనో బ్రదికిన ముసలమ్మకు, కుమారుడు పోయిన దినమున చట్టము చేతులు దులుపుకొనును. ఇక్కడ చట్టము మనలను తప్పుపట్టదు. అయితే కొర్బాను అను మాట చెప్పి తలిదండ్రులకు ఇయ్యవలసినది ఎగవేసిన వారిని ప్రభువు ఎట్లు గద్దించినాడో మార్కు ఏడవ అధ్యాయములో చూచుచున్నాము. వారికిని చట్టము అనుకూలముగానే ఉండెను. ఆమె మందులకు, కంటి ఆపరేషనుకు కొంత తీసియుంచవలెనని మేము చెప్పితిమి. ఎంత అన్నది చెప్పలేదు. అది ఆ ఇంటివారు నిర్ణయించుకొనవలసినది.

నామినీ అను మాట ఒకటి ఇప్పుడు వినబడుచున్నది. 2021 నుండి కారు రిజిస్ట్రేషనులో నామినీ పేరు చేర్చుకొను ఏర్పాటు వచ్చినది. మంచిదే, పేరు మార్పు సులభమగును. అయితే నామినీ పేరు ఉన్నవాడు సొమ్మంతయు తనదే అనుకొనరాదు. జీవిత బీమా విషయములో నామినీ సొమ్ము పుచ్చుకొనుటకు మాత్రమే అధికారి, ఆ సొమ్ము వారసులందరిది అని సుప్రీంకోర్టు 1983లోనే చెప్పినది. పేరు ఎవరి మీద మారినను పంపకము మనస్సాక్షి మీద ఉన్నది.

కొన్నవాని సంగతి ఇంకను మిగిలియున్నది. చనిపోయినవాని దొంగ సంతకముతో బండి కొన్నవాడు పేరు మార్చుకొనకయే మరియొకనికి అమ్మినాడు, అతడు వేరొకనికి. ఇట్లు చేతులు మారిన కారు ఒకటి ప్రమాదము చేసినప్పుడు, రిజిస్టరులో ఎవరి పేరు ఉన్నదో ఆయనే యజమానుడు, నష్టపరిహారము ఆయనదే బాధ్యత అని నవీన్‌ కుమార్‌ వ్యాజ్యములో 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. ఆ యజమానుడు బ్రదికియున్నవాడు. మన విషయములో రిజిస్టరులో ఉన్నది మృతుని పేరు. నోటీసు ఎవరి గుమ్మమునకు వచ్చును? తెల్లచీర కట్టుకొని కూర్చున్న ఆ విధవరాలి గుమ్మమునకే గదా! రెండు దినములలో పని ముగించెదనన్న బ్రోకరు ఆ దినమున ఫోను ఎత్తడు.

సరియైన మార్గము ఏమనగా, కేంద్ర మోటారు వాహనముల నియమములు, 1989లో 56వ నియమము దీనికొరకే ఉన్నది. యజమానుడు చనిపోయిన 30 దినములలోగా రిజిస్టరు చేసిన ఆర్‌.టి.ఓ.కు మరణ సంగతియు, బండి వాడుకొనదలచిన సంగతియు తెలుపవలెను. అట్లు తెలిపినవారు మూడు నెలల వరకు బండిని తమదివలె వాడుకొనవచ్చును. ఆ మూడు నెలలలోగా 31వ ఫారము నింపి, మరణ ధృవపత్రము, ఆర్‌.సి., ఇన్సూరెన్సు జతచేసి పేరు మార్పు కోరవలెను. కర్ణాటకలో నాడకచేరివారిచ్చు వంశవృక్ష పత్రము, మిగిలిన వారసులు తమకు అభ్యంతరము లేదని నోటరీ యెదుట ఇచ్చు ప్రమాణ పత్రము కూడ అడుగుదురు. ఇన్సూరెన్సు పాలసీ కూడ యజమానుని మరణముతోనే చెల్లకపోదు. మూడు నెలలు, లేదా పాలసీ గడువు, ఏది ముందైతే అంతవరకు ఉండును. ఆ లోపల వారసుని పేరట మార్చుకొనవలెను. పేరు మారిన తరువాత భార్యయో కుమారుడో తన సొంత సంతకముతో 29, 30 ఫారముల మీద ఎవరికైనను అమ్మవచ్చును. అన్యాయముగా ఆలస్యము చేయు నియమములు లోకములో చాలా ఉన్నవి. ఇది వాటిలో ఒకటి అని మాకు తోచలేదు. వారసుల ప్రమాణ పత్రము అడుగుటలోనే చీరాల చెల్లెలిని పిలువవలసిన పని ఉన్నది. బోయజు గవిని యొద్ద చేసినదే ఇప్పుడు నోటరీ యొద్ద జరుగుచున్నది.

బండి ఆంధ్ర లేక తెలంగాణ నంబరుతో ఉన్నయెడల శ్రమ మరికొంత. పాత ఆర్‌.టి.ఓ. యొద్ద పని ఉండును. ఒక రాష్ట్రపు బండిని 12 నెలలకు మించి మరియొక రాష్ట్రములో ఉంచినయెడల ఇక్కడి నంబరు తీసికొనవలెనన్నది చట్టము. ఊరినుండి నాన్న బండిని తెచ్చుకొన్నవారు చాలామంది దీనిని మరచిపోవుదురు.

పంపకమునకు ముందు అప్పు. కారు మీద బ్యాంకు అప్పు తీరలేదా? ముందు అది తీర్చి, బ్యాంకు వారి చేత 35వ ఫారము వ్రాయించుకొనవలెను. చనిపోయినవాడు సంఘములో ఎవరి యొద్దనైనను చేబదులు తీసికొనెనా? అదియు అప్పే, నోటు లేనంత మాత్రాన అప్పు కాకపోదు. లాల్‌ బహదూర్‌ శాస్త్రిగారు ప్రధానిగా ఉండి 1964లో ఒక ఫియెట్‌ కారు కొన్నారు. వెల 12,000 రూపాయలు. చేతిలో చాలనందున 5,000 పంజాబు నేషనల్‌ బ్యాంకులో అప్పు చేసినారు. 1966 జనవరి 11న తాష్కెంటులో మరణించినారు. ఆ అప్పును ఆయన భార్య లలితా శాస్త్రిగారు తన పింఛనులోనుండి తీర్చినారు. ఆ కారు ఢిల్లీలో ఆయన స్మారకములో ఇప్పటికిని ఉన్నది. దేశపు ప్రధాని భార్య 5,000 రూపాయల అప్పు ఎగవేసినయెడల ఆ దినమున ఎవరైనను అడిగియుందురా? అడిగియుండరు. ఆమె తీర్చినది.

ఇక మేము ఎక్కువగా ఆలోచించినదియు, పెద్దలలోనే ఏకాభిప్రాయము రానిదియు ఒకటి ఉన్నది. కొనువానికి మరణమును గూర్చి చెప్పవలెనా?

ఆర్‌.సి.లో భార్య పేరుకు మారినట్టు ఉండును గనుక భర్త పోయిన సంగతి తెలిసిపోవును. అది సరే. అయితే ఆ మనిషి కారులోనే పోయినయెడల? ఒకరు గుండె ఆగి స్టీరింగు మీద వ్రాలిపోయినారు, బండికి గీత పడలేదు. మరియొక బండి ప్రమాదములో దెబ్బతిని, బాగుచేయబడినది. రెండవ దానిని గూర్చి సందేహము లేదు. దెబ్బతిన్న బండి అని చెప్పియే తీరవలెను. దొంగ తూనికరాళ్లు సంచిలో ఉంచుకొనవద్దని ధర్మశాస్త్రము చెప్పుటలో ఉన్న భావము ఇదియే. మొదటి దానిని గూర్చి మాలో ఒకరు అన్నది: "మనము శకునములు నమ్మము. బండి బాగున్నది. చెప్పితే ధర సగము పోవును. వారి మూఢనమ్మకమునకు మన విధవరాలు ఎందుకు నష్టపోవలెను?"

ఈ మాటలో న్యాయము లేకపోలేదు. అయినను మా అభిప్రాయము వేరు. విగ్రహములకు అర్పించిన మాంసమును గూర్చి పౌలు కొరింథీయులకు వ్రాసిన సంగతి జ్ఞాపకము చేసికొనుడి. విగ్రహము వట్టిదని పౌలు నమ్మినాడు. అయినను ఎదుటివాడు దానిని పట్టించుకొన్నప్పుడు, తన మనస్సాక్షి నిమిత్తము కాదు, ఎదుటివాని మనస్సాక్షి నిమిత్తము తినవద్దని చెప్పినాడు. కొనువాడు ఆ బండిలో తన పసిబిడ్డను ఎక్కించుకొనును. ఆరు నెలలకు పొరుగువారి ద్వారా తెలిసినప్పుడు, క్రైస్తవులు దాచి అమ్మినారు అని అనుకొనడా? అతని నమ్మకము వట్టిదే కావచ్చును, దాచుట మాత్రము మన చేత జరిగినది. గనుక చెప్పవలెననియే మా మాట. ఇంటిలోనో ఆసుపత్రిలోనో నెమ్మదిగా పోయినయెడల పనిగట్టుకొని వివరము చెప్పనక్కరలేదు. అడిగినయెడల మాత్రము అబద్ధమాడరాదు. మాతో ఏకీభవించని ఆ సహోదరుడు ఇప్పటికిని ఏకీభవించలేదు. ఆయనను మేము గౌరవించుచున్నాము.

ప్రమాదములో పోయినవారి కుటుంబములకు ఒక మాట. యజమానియే నడుపుచు మరణించినయెడల, పాలసీలో యజమాని-డ్రైవరు వ్యక్తిగత ప్రమాద బీమా ఉన్నదేమో చూడుడి. 2018 నుండి అది 15 లక్షల రూపాయలు. పాత ఇనుము ధరకు బండి అమ్మివేసి, ఈ పత్రమును చింపి పారవేసిన ఇండ్లు ఉన్నవి.

అమ్మువారిని గూర్చి ఇంత చెప్పినాము గాని కొనువారిలోను మనవారు ఉన్నారు. సమాధి మట్టి ఆరక ముందే, "అక్కా, బండి ఎవరికీ ఇవ్వకండి, మనవాళ్లమే ఉన్నాం గదా" అని వచ్చుదురు. ప్రేమతో వచ్చువారు ఉన్నారు, కాదనము. అయితే విధవరాలికి బజారు ధర తెలియదు అన్న ధైర్యముతో వచ్చువారును ఉన్నారు. కొనునప్పుడు పనికిరాదు అని చెప్పి, కొని వెళ్లిన తరువాత అతిశయపడు వానిని గూర్చి సామెతలు ఎప్పుడో చెప్పినవి. సంఘ సభ్యుని యొద్ద సంఘ సభ్యుడు కొనునప్పుడు మూడవవాని చేత ధర కట్టించుట మంచిది. బంధుత్వమునకు తగ్గింపు ఇయ్యవలసినది అమ్ముకొను విధవరాలు కాదు.

మరి అమ్మనే వద్దు అను తల్లులను ఏమందుము? "ఆయన కూర్చున్న సీటు" అని రోజు తుడుచుకొనువారు ఉన్నారు. పిల్లలు విసుగుకొందురు. దొర్కా చనిపోయినప్పుడు ఆమె కుట్టిన అంగీలను చూపుచు విధవరాండ్రు ఏడ్చినారు. పేతురు వారిని ఏడ్వవద్దనలేదు, ఆ బట్టలు దాచివేయుడనలేదు. అదే లేఖనములలో హిజ్కియా, మోషే చేసిన ఇత్తడి సర్పమునే పగులగొట్టినాడు, ఎందుకనగా జనులు దానికి ధూపము వేయ మొదలుపెట్టిరి. జ్ఞాపకము ఎక్కడ ఆగి ధూపము ఎక్కడ మొదలగునో బయటివారమైన మేము గీత గీయలేము. ఒక్క సంగతి మాత్రము చెప్పగలము: శాలువను పెట్టెలో ముప్పది ఏండ్లు దాచవచ్చును, కారును దాచలేము. నిలిపియుంచిన బండికి బ్యాటరీ పోవును, టైర్లు పగులును, మన బెంగుళూరు వానకు అడుగు త్రుప్పుపట్టును, ఎలుకలు వైర్లు కొరుకును. పేరు మార్పునకు మూడు నెలల గడువు ఉన్నది గాని అమ్మకమునకు గడువు ఏదియు లేదు. గనుక పిల్లలారా, తల్లిని తొందరపెట్టకుడి. ముందు పేరు మార్చుకొనుడి. తరువాత వారమునకు ఒకసారి బండి తీసి ఆమెను కూర్చుండబెట్టుకొని ఆరాధనకు తీసికొని రండి. ఒక దినమున ఆమెయే, "ఇక ఇచ్చేయండిరా" అనును. ఆ దినము వరకు రోడ్డు మీద పొరుగువాని గేటుకు అడ్డము లేకుండ చూచుకొనవలసిన బాధ్యత మాత్రము మీది.

ఇచ్చునప్పుడు డ్యాష్‌బోర్డులోని బైబిలు, కళ్లద్దాల పెట్టె, పాటల కేసెట్టులు, సీటు క్రింద పడిన చిల్లర చూచి తీసికొనుడి. ఫాస్టాగు రద్దు చేయించుడి, లేనియెడల వేరొకని టోలు మీ ఖాతాలో పోవును. వెనుక అద్దము మీద అంటించిన వాక్యమును తీసివేయవలెనా అని ఒకరు అడిగినారు. కొనువానిని అడుగుడి. ఉంచుమంటే ఉంచుడి.

ముందు చెప్పిన కుటుంబమునకు పేరు మార్పు పూర్తియగుటకు ఏడు వారములు పట్టినది. మన సంఘములలో ఈ పని పడినవారు ఆదివారము ఆరాధన తరువాత పెద్దలను కలిసినయెడల 31వ ఫారము నింపుటకును, ప్రమాణ పత్రము వ్రాయుటకును సహాయము చేయుదుము. మరణ ధృవపత్రము నాలుగు ప్రతులు తీసియుంచుకొనుడి. పాస్టరుగారు ఇచ్చు సమాధి పత్రము దానికి బదులుగా చెల్లదు. మరణమును 21 దినములలోగా నమోదు చేయించవలెను గనుక, ఆ పని మాత్రము ఆదరణ కూటము వరకు ఆపకుడి.